ఓమా గదిలోకి వచ్చిన వాన నీళ్లు

గల్ఫ్‌కి వెళ్లబోయే నర్సమ్మాయిలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. ఫలానా ఆవిడ సౌదీలో చాలాకాలం చేసి రిటైరై వచ్చింది, వెళ్లి అడగండని ఎవరో చెప్తారు. హాస్టల్ ఎలా ఉంటుంది, పైన వేసుకునే నల్ల అబాయా ఇక్కడే కొనుక్కోవాలా, అరబిక్ ఎన్నాళ్లకి నోటికొస్తుంది, ఇవీ వాళ్ల ప్రశ్నలు. మొన్న ఒక పిల్ల మాత్రం గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "మేడం, అక్కడ మీకు భయం వేసేదా?" అంది. మిగతా పిల్లలు నవ్వారు. నేనూ నవ్వేసి పంపించాను. అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. అందుకని కూర్చుని రాస్తున్నాను.

నా ఉద్యోగంలో చివరి కొన్నేళ్లు జెద్దాలోనే గడిచాయి. మా ప్రైవేటు ఆసుపత్రికి హోమ్ కేర్ విభాగం ఉండేది. ఇంట్లో మంచం పట్టిన వాళ్ల దగ్గరికి మమ్మల్ని డ్యూటీకి పంపేవాళ్లు. మా సూపర్‌వైజర్ కేరళావిడ. ఒకరోజు నన్ను పిలిచి, "నీకు తేలిక డ్యూటీ ఇస్తున్నాను. ఒక్కటే పేషెంట్. బీపీ లేదు, షుగర్ లేదు, గొడవ చెయ్యదు" అంది.

"మరి నర్సెందుకు మేడం?"

"వయసు నూట పదకొండు."

జబ్బున్న మనిషికి ఏం చెయ్యాలో మనకి నేర్పించారు. ఏ జబ్బూ లేకుండా నూట పదకొండేళ్లు బతికిన మనిషికి ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు. పైగా అంతకు ముందు సంవత్సరమే మా విభాగంలో ఒక సంగతి జరిగింది. మాతో పనిచేసే ఒక కేరళ అమ్మాయి డ్యూటీలో ఉండగా ఇంట్లో పేషెంట్ పోయాడు. ముసలాయనే, పోయే వయసే. అయినా ఇంటివాళ్లు కంప్లయింట్ పెట్టారు. విచారణ తేలేదాకా ఆ అమ్మాయికి దేశం దాటడానికి ఎగ్జిట్ ఇవ్వలేదు. ఈలోపు ఊళ్లో వాళ్ల నాన్న పోయాడు. ఆ పిల్ల హాస్టల్ మంచం మీద కూర్చుని ఫోన్లో అంత్యక్రియలు చూసింది. మేమంతా చుట్టూ నిలబడ్డాం. తర్వాత ఆ అమ్మాయి తప్పేమీ లేదని తేలింది. అప్పటికి నాన్నని పూడ్చిపెట్టి నెలలైంది.

ఆ భయం గుండెల్లో పెట్టుకునే ఆ పేషెంట్ ఉండే విల్లాలో అడుగుపెట్టాను.

పేషెంట్ జర్మన్ ఆవిడ. వాళ్ల భాషలో ఓమా అంటే అమ్మమ్మ అయినా నాయనమ్మ అయినా. ఇంట్లో అందరూ ఓమా అనే పిలిచేవాళ్లు. ఆ ఇంటి డ్రైవర్ మన రాయచోటి మనిషి, అతనికి ఉత్త ఓమా అనడం మర్యాదగా తోచక "ఓమమ్మా" అనేవాడు. ఆవిడ భర్త రెండో ప్రపంచయుద్ధంలో రష్యా వైపు వెళ్లి తిరిగి రాలేదు. ఒక్కతే కూతురు. ఓమా ట్రాముల్లో టిక్కెట్లు కొట్టి, తర్వాత కోట్లు కుట్టే చోట కాజాలు కుట్టి, కూతుర్ని డాక్టర్ని చేసింది. ఆ కూతురు అక్కడికి చదువుకోవడానికి వచ్చిన సౌదీ కుర్రాణ్ణి పెళ్లి చేసుకుని జెద్దా వచ్చేసింది. ఓమాకి డెబ్బై దాటాక ఆవిడని కూడా తన దగ్గరికి తెచ్చుకుంది. కొన్నాళ్లుండి వెళ్లిపోతానని వచ్చిందట ఓమా. తర్వాత అల్లుడు పోయాడు. కూతురూ ముసలిదయ్యి చనిపోయింది. ఓమా ఉండిపోయింది.

నేను వెళ్లేనాటికి ఇంట్లో మనవడు, ఒక ఫిలిప్పీన్స్ పనమ్మాయి, డ్రైవర్. మనవడికే యాభై దాటాయి. మక్కాలో ఒక హోటల్లో మేనేజరు, రోజూ వెళ్లొస్తాడు. భార్యాపిల్లలు చదువుల కోసం రియాద్‌లో ఉండేవాళ్లు. మొదటి రోజే ఆయన నాతో అన్నాడు, "సిస్టర్, మా అమ్మకి మాటిచ్చాను. ఓమా ఆసుపత్రిలో పోకూడదు. ఎప్పుడు పోయినా ఈ ఇంట్లోనే."

ఆ మాట ఆయన ప్రేమతో అన్నాడు. నాకు మాత్రం 'నీ డ్యూటీలోనే' అన్నట్టు వినిపించింది.

అంత వయసు ఒంటిని మీరెవరూ ముట్టుకుని ఉండరు. చర్మం ఉల్లిపొరలా ఉండేది. కాస్త గట్టిగా పట్టుకుంటే నా వేళ్ల కింద కమిలిపోయేది. పొద్దున్నే డ్యూటీకి వెళ్లగానే గుమ్మంలో నిలబడి దుప్పటి వైపు చూసేదాన్ని. దుప్పటి కదిలాకే లోపలికి అడుగు. పాలల్లో నానబెట్టిన రొట్టె పెడుతుంటే, మింగిందా లేదా అని గొంతు వైపే చూస్తూ నేను కూడా గుటకలు మింగేదాన్ని. శుక్రవారాలు షరఫియా బజారుకి వెళ్లి గోంగూర, కరివేపాకు ఏరుకుంటున్నా ఫోన్ మోగితే చేతిలో కట్ట జారిపోయేది.

ఓమా మాత్రం నన్ను చూసి నవ్వేది. ఒక కన్ను పూర్తిగా తెల్లబడింది, రెండో కంటితోనే చూసేది. కుడి చెవి పనిచెయ్యదు, ఎడమ చెవిలో అరవాలి. మేమిద్దరం ముక్కలు ముక్కలుగా అరబిక్‌లో మాట్లాడుకునేవాళ్లం. దానికి ఆవిడ జర్మన్ కలిపేది, నేను తెలుగు కలిపేదాన్ని. పుట్టినరోజుకి మనవడి స్నేహితులు పువ్వులు పట్టుకొచ్చి, ఇన్నాళ్లు బతకడానికి రహస్యమేంటని అడిగారు. "నాకు తెలీదు. తెలిసినవాళ్లంతా పోయారు" అంది. గదంతా నవ్వులే. వాళ్లు వెళ్లాక నా చెయ్యి గిల్లి, "నేనింకా ఉన్నానో లేదో చూడ్డానికొస్తారు" అంది.

ఇక ఆ వాన రోజు.

జెద్దాలో వాన పడటమే తక్కువ. పడితే ఊరు మునుగుతుంది. నీళ్లు పోయే దారి తక్కువ. ముందు రోజు సాయంత్రమే స్కూళ్లకి సెలవని మెసేజ్ వచ్చింది. అయినా మనవడు పొద్దున్నే మక్కా వెళ్లిపోయాడు. కాసేపటికి ఆకాశం నల్లబడి, కిటికీ బయట గోడ కూడా కనిపించనంత వాన. నేను ఓమా గోళ్లు కత్తిరిస్తున్నాను. ఉన్నట్టుండి నా ఫోను, పనమ్మాయి ఫోను, వరండాలో డ్రైవర్ ఫోను, అన్నీ ఒక్కసారే కూత పెట్టాయి. సివిల్ డిఫెన్స్ వాళ్ల హెచ్చరిక అది. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా ఊరుకోదు. అచ్చం సైరన్ లాగే ఉంటుంది.

చెవిలో అరిస్తే తప్ప వినపడని ఓమాకి అది వినపడింది.

ఆవిడ ఒళ్లంతా కర్రలా బిగుసుకుంది. పక్కకి తిరగాలంటే నేను పట్టుకు తిప్పాల్సిన మనిషి, మంచం కమ్మీ పట్టుకుని ఒక కాలు కిందికి వేసింది. "కెల్లర్! నైన్! కెల్లర్ నైన్!" అని అరుస్తోంది. నైన్ అంటే వద్దని, అంతవరకే నాకు తెలుసు. ఆ సన్నటి ఒంట్లో అంత గొంతు ఎక్కడిదో! చెయ్యి పట్టుకుంటే నాడి లెక్క పెట్టలేనంత వేగంగా కొట్టుకుంటోంది. ఇప్పుడే, నా చేతుల్లోనే ఆగిపోతుందనుకున్నాను. వెంటనే మనవడికి ఫోన్ చేశాను.

"సార్, కెల్లర్ అంటే ఏంటి?"

"నేలమాళిగ. ఓమాకి అదంటే భయం. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు. సిస్టర్, ఏమైనా సరే కిందికి మాత్రం..." లైన్ తెగిపోయింది. మళ్లీ కలవలేదు.

ఆ ఇంటికి కింద బేస్‌మెంట్ ఉంది, బట్టలుతికే మెషిన్లు పెట్టేవాళ్లు. పనమ్మాయి పరిగెత్తుకొచ్చి, మెట్లమీంచి నీళ్లు కిందికి దూకుతున్నాయని చెప్పింది. ఓమా గది గ్రౌండ్ ఫ్లోర్‌లోనే. ఆ మాట అంటుండగానే బాత్‌రూమ్ తూములోంచి గోధుమరంగు నీళ్లు పైకి తన్నుకుంటూ గదిలోకి వచ్చాయి. కరెంటు పోయింది. అప్పుడు సూపర్‌వైజర్ ఫోన్.

"అంబులెన్స్ రాదు. రోడ్లు మూసేలోపు పేషెంటుని కార్లో వేసుకుని హాస్పిటల్‌కి తెచ్చెయ్."

"మేడం, హాస్పిటల్‌కి తీసుకెళ్లడం మనవడికి ఇష్టం లేదు."

"ఇంట్లో ఆవిడకేమైనా అయితే నీ పేరు రాస్తారు, ఆయన పేరు కాదు. బయల్దేరు."

బయల్దేరాను. నా మనసుకి అది సరైన పని కాదని, పై అంతస్తుకి ఎక్కిస్తే చాలని అనిపిస్తూనే ఉంది. కానీ ఆ కేరళ అమ్మాయి మొహం కళ్ల ముందు కదిలింది. పైవాళ్లు చెప్పింది చేస్తే రేపు చెప్పుకోవడానికి ఒక మాటైనా ఉంటుంది కదా అనుకున్నాను. పనమ్మాయిని ఇంట్లో ఉంచి, ఓమాని దుప్పట్లో చుట్టి వెనక సీట్లో పడుకోబెట్టి, తల నా ఒళ్లో పెట్టుకున్నాను.

"బండి ఎత్తుగా ఉంటాది గదక్కా, పోతాదిలే" అన్నాడు డ్రైవర్. గొంతు మాత్రం ధైర్యంగా లేదు.

మా సందు దాటి పెద్దరోడ్డు మీదికి వచ్చాం. అక్కడి నుంచి కొంచెం దూరంలో రోడ్డు కిందుగా దిగి ఫ్లైఓవర్ కిందనుంచి పోతుంది. ఆ దిగువంతా నీళ్లే, గోధుమరంగు నది. ఒక తెల్ల కారు అడ్డంగా తిరిగి తేలుతోంది, దాని లైట్లు ఇంకా టిక్కుటిక్కుమని వెలుగుతున్నాయి. లోపల మనుషులున్నారో లేదో కనిపించలేదు. మా ముందు ఒక చిన్న లారీ నీళ్లని చీల్చుకుంటూ దిగింది.

"ఏం జేద్దామక్కా? ఆయప్ప పోతాండాడు సూడు. దాని యెనకాలే పట్టుకుంటే మనమూ పోవచ్చు."

ఒళ్లో ఓమా నా వేళ్లని బిగించి పట్టుకుంది. "బర్రా" అంటోంది. అరబిక్‌లో బయటికి అని. "బర్రా, బర్రా." అద్దాల మీద నీళ్లు, లోపల మసక చీకటి. ఆవిడకది కారులా కాక నేలమాళిగలా కనిపిస్తోందని అప్పుడు అర్థమైంది.

నా ఫోన్లో సూపర్‌వైజర్ నెంబరు తెరిచే ఉంది. అడిగితే ముందుకే పొమ్మంటుంది. అడగలేదు.

"వెనక్కి తిప్పు తమ్ముడూ."

"మేడమ్మ కోప్పడదా?"

"కోప్పడనీ. తిప్పు."

తిప్పాడు. మా సందులోకి తిరిగాం కానీ ఇంటి దాకా రాలేదు. ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తలుపు సందుల్లోంచి నీళ్లు కారి నా పాదాలు మునిగాయి. ఇంటి గేటు కనిపిస్తూనే ఉంది. నడవాలి.

డ్రైవర్ దిగి ఓమాని రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాడు. నేను తల పట్టుకున్నాను. నీళ్లు తొడల దాకా ఉన్నాయి, లాగేస్తున్నాయి. చెత్తడబ్బాలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ మమ్మల్ని రాసుకుంటూ పోతున్నాయి. "గోడంటా నడువక్కా. మ్యాన్‌హోల్ మూతలు లేసిపోయింటాయి. కాలు పెట్టేముందు తడుముకో" అన్నాడు. ఆ మాటతో నాకు అడుగు పడలేదు. ఈ నీళ్ల కింద ఎక్కడో నోరు తెరుచుకున్న గొయ్యి ఉంది, అది ఎక్కడుందో తెలియదు. కాలితో తడమడం, నేల తగిలితే అడుగు వెయ్యడం. వాడు వాడి దేవుణ్ణి తలుచుకుంటున్నాడు, నేను నా యేసయ్యని పిలుస్తున్నాను. వాన మొహం మీద కొడుతోంది. మా ఇద్దరి మధ్యా ఓమా కళ్లు మూసుకుని ఉంది, అరుపు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నాకు నీళ్లకంటే ఎక్కువ భయం పుట్టించింది.

పనమ్మాయి గేటు తెరిచి పట్టుకుంది. మెట్లెక్కి పై అంతస్తులో మనవడి కూతుళ్ల గదిలో పడుకోబెట్టాం. తడిబట్టలు తీసేసి ఒళ్లు తుడుస్తూ నాడి చూశాను. మణికట్టులో అందలేదు. మెడ మీద చూశాను. కొట్టుకునేది ఆవిడ రక్తమో నాదో తెలియడం లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. అయిపోయిందనుకున్నాను. చెప్పిన చోటికి తీసుకెళ్లలేదు, వానలో తిప్పి చంపేశాను. ఇదే రాస్తారు. నాకు ఊరు లేదు, ఎగ్జిట్ లేదు.

పనమ్మాయి గ్యాస్ పొయ్యి మీద నీళ్లు కాచి సీసాల్లో పోసి తెచ్చింది. వాటిని గుడ్డల్లో చుట్టి ఓమా పక్కన పెట్టి, పాదాలు, చేతులు రుద్దుతూనే ఉన్నాను. గుమ్మం బయట నుంచి డ్రైవర్ అడిగాడు.

"ఉందా అక్కా?"

"తెలీదు."

కాసేపాగి మళ్లీ, "ఉందా?"

"తెలీదని చెప్తున్నానా!" అని అరిచాను.

ఆ అరుపుకి ఓమా బాగున్న కన్ను తెరిచింది. నన్ను కాదు, గుమ్మాన్ని చూసింది. "నన్ను ఎవరు మోశారు?" అంది అరబిక్‌లో. డ్రైవర్ని లోపలికి పిలిచాను. ఒంటినుంచి నీళ్లు కారుతూ వచ్చి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఓమా అతని తడి గడ్డం తాకింది.

"పడేస్తావనుకున్నాను" అంది.

వాడు వెక్కుతూ, "నేనూ అట్లనే అనుకున్యా ఓమమ్మా" అన్నాడు తెలుగులో. ఆవిడకి అర్థమైనట్టే తలూపింది.

మధ్యాహ్నం దాటాక వాన తగ్గింది. మనవడు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని, సగం దారి నడిచి ఇల్లు చేరాడు. అప్పటికి ఓమాకి రొట్టె తినిపిస్తున్నాను. ఆయన మంచం మీద కూర్చుని ఓమా చెయ్యి మొహానికి ఆనించుకున్నాడు. అప్పుడు ఓమా చెప్పడం మొదలుపెట్టింది. జర్మన్‌లో చెప్తుంటే ఆయన ఆగి ఆగి నాకు ఇంగ్లీషులో చెప్పాడు. 

యుద్ధం చివర్లో వాళ్ల ఊరి మీద బాంబులు పడిన రోజు. సైరన్ మోగింది. వీధిలో వాళ్లంతా నేలమాళిగలో దిగారు. ఓమా, ఆవిడ తల్లి, ఒళ్లో ఆరేళ్ల కూతురు. దీపం ఆరిపోయింది. గోడ వేడెక్కుతోంది. వీధి బాధ్యుడైన పెద్దాయన, బయటికెళ్తే చస్తారు, ఇక్కడే కూర్చోండి అన్నాడు. అందరూ కూర్చున్నారు. ఓమా కూర్చోలేకపోయింది. వణికిపోతూ లేచి నిలబడితే పిల్లల్ని భయపెడుతున్నావని అందరూ కసురుకున్నారు. తల్లి కూడా కూర్చోమంది. ఓమా బక్కెట్లో కోటు ముంచి, కూతురికి కప్పి, మెట్లెక్కి బయటికి పరిగెత్తింది. మంటల మధ్య నుంచి నది ఒడ్డుకి చేరింది. మర్నాడు తిరిగొచ్చి చూస్తే ఆ నేలమాళిగ నుంచి ఒక్కరూ రాలేదు. తల్లి కూడా.

"తర్వాత అందరూ నన్ను ధైర్యవంతురాలన్నారు" అంది ఓమా. "కింద కూర్చున్నవాళ్లంతా ధైర్యంగానే కూర్చున్నారు. భయపడింది నేనొక్కదాన్నే."

మనవడు ఓమా చెయ్యి మెల్లగా దుప్పటి మీద పెట్టాడు. "మా అమ్మకి ఈ సంగతి తెలీదు. తడి ఉన్నికోటు వాసన అంటే మాత్రం ఆమెకి జీవితాంతం పడేది కాదు" అన్నాడు.

ఆ చిన్న లారీ అవతలికి చేరిందట. డ్రైవర్ తర్వాత వాకబు చేశాడు. దాని వెనక దిగిన వ్యాను చేరలేదు. మేం దిగి ఉంటే ఏ లెక్కలో ఉండేవాళ్లమో నాకు తెలియదు. నేను చేసింది సరైందని ఈరోజుకీ గట్టిగా చెప్పలేను.

నీళ్లు తీశాక సూపర్‌వైజర్ ఆఫీసుకి పిలిచింది. తలుపు దగ్గరే నిలబడ్డాను.

"నేను చెప్పింది నువ్వు చెయ్యలేదు. ఆవిడకేమైనా అయ్యుంటే, నేను తీసుకురమ్మన్నాను, ఈమె తీసుకురాలేదు అని చెప్పేదాన్ని. అది తెలుసా నీకు?"

"తెలుసు మేడం."

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఆ పిల్లకి ఎగ్జిట్ ఆపినప్పుడు నేనేమీ చెయ్యలేకపోయాను. అప్పట్నుంచి ఫోన్ మోగితే చాలు, మళ్లీ ఎవరికేమైందోనని భయం. మీతో మాత్రం పైకి గట్టిగా మాట్లాడతాను." కుర్చీ నా వైపు జరిపి, "కూర్చో. చాయ్ తాగుదాం" అంది. అన్నేళ్లలో ఆవిడ ముందు నేను కూర్చోవడం అదే మొదటిసారి.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఓమా పాలు వద్దంది. మళ్లీ పెడితే పెదాలు బిగించింది. మనవడికి ఫోన్ చేశాను, బయల్దేరానన్నాడు. డాక్టరుకి చేశాను. నేను మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే, ఓమా నా రెండు వేళ్లు పట్టుకుంది. "ఖాయిఫా" అంది. భయంగా ఉంది అని.

పేషెంట్ భయపడితే ఏం కాదమ్మా, తగ్గిపోతుంది అనాలని మనకి మొదటి సంవత్సరమే నేర్పుతారు. వేలమందితో అన్నాను ఆ మాట. ఆరోజు అనలేదు. "నాకూ" అన్నాను. ఆవిడ పెదవి చివర కొంచెం కదిలింది. వేళ్లు వదల్లేదు. డాక్టరు, మనవడు వచ్చేసరికి ఇంకా పట్టుకునే ఉంది, నేనే మెల్లగా విడిపించుకోవాల్సి వచ్చింది.

ఇంట్లో పరదేశీ మనిషి పోతే పోలీసులు రావాలి. కుర్ర ఆఫీసరు వచ్చాడు. పాస్‌పోర్టు తెరిచి, పుట్టిన సంవత్సరం చూసి, మళ్లీ చూసి, "ఇది తప్పు పడిందా?" అని అడిగాడు. కాదన్నాడు మనవడు. ఆఫీసరు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. నా ఇఖామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే గుర్తింపు కార్డు, అడిగితే తీసిచ్చాను. ఇన్నాళ్లుగా నేను భయపడిన ఘడియ అదే.

"పోయినప్పుడు పక్కన నువ్వే ఉన్నావా?"

"నేనే."

"చివరగా ఏమైనా మాట్లాడిందా?"

ప్రశాంతంగా పోయిందని చెప్పొచ్చు. అందరూ అదే చెప్తారు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. మనవడి ముందు, ఓమా ముందు ఆ మాట చెప్పలేకపోయాను.

"భయంగా ఉందంది. నాకూ భయంగా ఉందని చెప్పాను."

పెన్ను ఆగింది. ఇది రాయాలా అన్నట్టు ఆఫీసరు మనవడి వైపు చూశాడు. ఆయన ఓమా కాళ్ల మీద దుప్పటి సర్దుతున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"రాయండి. ఓమా చెప్పినట్టే రాయండి."